కబాలా క్లాసులో మొదటి ‘వద్దు’

నేను కబాలా చెప్పలేదు. కబాలా చెప్పే గదిలో కుర్చీలు వేశాను, మైకు మోశాను. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది. ఎందుకంటే నా వీడ్కోలు రోజున మా సెంటర్ వాళ్లు ఇచ్చిన గాజుపలక మీద ‘సౌండ్ అండ్ సీటింగ్’ అని చెక్కించారు. పదేళ్ల ఉద్యోగాన్ని మూడు మాటల్లో తేల్చేశారు. అందులో ఒకటి ‘అండ్’. ఆ పలక ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. మొహం గోడవైపు తిప్పి పెట్టాను.

ఉద్యోగాల్లో కొత్తగా చేరుతున్న పిల్లలు చదువుతారని ఇది రాస్తున్నాను. మీకు నీతులు చెప్పే ఉద్దేశం లేదు. నాకు జరిగినదాని మీద ఫిర్యాదు చేసుకోవడానికి ఇప్పుడు ఆఫీసంటూ ఏదీ మిగల్లేదు, అంతే.

మొదట్లో నేను మాన్‌హటన్‌లో ఒక ఫైనాన్స్ కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేవాణ్ణి. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం నా పని. దేవుడు నాకోసమే ఆ ఉద్యోగం పుట్టించాడని మా ఆవిడ అనేది. 2001 చివర్లో మా టీమ్ మొత్తాన్ని తీసేశారు. ఆ మాట చెప్పడానికి వచ్చిన మేనేజర్ నా పేరు పలకబోయి, సగంలో వదిలేసి, ‘మీరెవరో మీకు తెలుసు కదా’ అన్నాడు. తెలుసు. ఆయనకే తెలియలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లు చిన్నాచితకా పనులు చేసి, చివరికి జెర్సీ సిటీలో పెద్దవాళ్ల కోసం నడిచే ఒక సాయంత్రపు బడిలో చేరాను. స్పానిష్, యోగా, వంట, బొమ్మలు వేయడం. మంగళవారాలు కబాలా. రైలు స్టేషన్‌కి దగ్గర కాబట్టి ఆఫీసులు వదిలాక జనం నేరుగా వచ్చేవారు. టై వదులు చేసుకుంటూ, చేతిలో సగం తిన్న శాండ్‌విచ్‌తో ఆధ్యాత్మిక విద్యకు వచ్చేవారు.

కబాలా అంటే యూదుల అంతర్విద్య. సృష్టి ఎందుకు జరిగింది, మనిషి పైమెట్టుకు ఎలా ఎదగాలి అని వెతికే చదువు. ఆ హీబ్రూ మాటకు అసలు అర్థం ‘పుచ్చుకోవడం’. మన ఇళ్లలో తాంబూలం చేతిలో పెడుతూ ‘పుచ్చుకోండి’ అంటారు చూడండి, అదే. ఇచ్చేది పైవాడు, పుచ్చుకునేది మనం. ఎలా పుచ్చుకుంటున్నామన్నదే మొత్తం చదువు. మొదటి క్లాసులో ఈ మాట విన్నప్పుడు, ఇది పేరంటాలకు తిరిగే మా పెద్దమ్మకు బాగా తెలిసిన విషయమే అనుకున్నాను.

చెప్పేది డెబ్బై దాటిన ఒక పెద్దాయన. బ్రూక్లిన్‌లో హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. గుళ్లో ప్రార్థనలు చేయించే పండితుడు కాదు, తండ్రి దగ్గరా గురువు దగ్గరా ఏళ్ల తరబడి చదువుకున్న మనిషి. నేను మనసులో మాస్టారు అని పిలుచుకునేవాణ్ణి. పైకి అందరిలాగే ఆయన్ని మొదటి పేరుతో పిలవాల్సి వచ్చేది. తొమ్మిదేళ్ల కుర్రాడు కూడా తాత వయసు మనిషిని పేరు పెట్టి పిలిచే దేశం ఇది. నాకది చివరిదాకా మింగుడు పడలేదు.

క్లాసు రికార్డు చేసేవాళ్లం. అందుకని ప్రశ్న ఎవరడిగినా మైకులోనే అడగాలని నియమం. చెయ్యి లేచిన చోటికి మైకు తీసుకెళ్లడం నా డ్యూటీ. కొన్నాళ్లకు చేతిని చూసి ప్రశ్న చెప్పగలిగేవాణ్ణి. నిటారుగా, ముంజేతికి రక్షగా ఎర్రదారం కట్టుకుని లేచిన చెయ్యి అయితే, అది ప్రశ్న కాదు, ఉపన్యాసం. భుజం దాకా లేచి, నేను దగ్గరికి వెళ్లేసరికి జుట్టు సర్దుకుంటున్నట్టు నటించే చెయ్యి అయితే, అదే అసలు ప్రశ్న.

ఆ అసలు ప్రశ్నలు బ్రేక్‌లో కాఫీ దగ్గర బయటపడేవి. మైకులో అడగడానికి సిగ్గుపడినవాళ్లు కప్పులు ఇచ్చే నన్ను అడిగేవారు. నాకు హీబ్రూ రాదు, నేను పనికొస్తానా? మాంసం మానేయాలా? అన్నీ పైవాడే ఇస్తుంటే నేను చేసేదేముంది? ధ్యానంలో వెలుగు కనబడాలా? నాకేమీ కనబడలేదు, పక్కావిడకు కనబడిందట. ఎదిగానని నాకెలా తెలుస్తుంది? ప్రతి ఏడాదీ అదే పాఠం మొదటినుంచి విన్నవాణ్ణి. మాస్టారు చెప్పినదాన్నే నా మాటల్లో చెప్పేవాణ్ణి.

ఒకరోజు ఒక రిటైర్డ్ నర్సు కాఫీ పట్టుకుని నిలబడిపోయింది.

"మూడేళ్లుగా చదువుతున్నాను. ఇప్పటికీ మా చెల్లెలు ఫోన్ చేస్తే అరుస్తాను. నేను ఎదిగినట్టా, లేనట్టా?"

"ఇదివరకు అరిచాక ఎప్పుడు బాధపడేవారు?" అన్నాను.

"బాధెందుకు? తప్పంతా దానిదే కదా!"

"పోయిన ఏడాది?"

ఆలోచించింది. "పడుకోబోయే ముందు కొంచెం అనిపించేది."

"ఇప్పుడు?"

"ఫోన్ పెట్టేసి గిన్నెలు కడుగుతుంటే."

"పక్కమీద నుంచి సింకు దాకా వచ్చారు. వచ్చే ఏడాదికి ఫోన్ చేతిలో ఉండగానే వస్తుందేమో."

ఆవిడ నవ్విన నవ్వుకి కాఫీ నా చొక్కా మీద పడింది. వెనక టీ పోసుకుంటున్న మాస్టారు కూడా నవ్వారు. ఆయన అక్కడున్న సంగతి నేను అప్పటిదాకా చూడలేదు.

క్లాసయ్యాక నేను కుర్చీలు మడుస్తుంటే ఆయన దగ్గరికొచ్చారు. "కొత్తవాళ్ల కోసం క్లాసుకు ముందు ఒక అరగంట పెడదామనుకుంటున్నాను. వాళ్ల ప్రశ్నలకు మీరు జవాబు చెప్పండి. ముందు కుర్చీ మీది."

అర్థం చేసుకోండి. ఈ దేశంలో అడుగుపెట్టిన దగ్గర్నుంచి నన్ను అందరూ ఏది పనిచేయడం లేదో చెప్పమని అడిగారు తప్ప, నాకేం తెలుసో చెప్పమని ఒక్కరూ అడగలేదు. వెంటనే సరే అనాలనిపించింది. నోట్లోంచి మాత్రం ఏది రావాలో అదే వచ్చింది.

"అయ్యో, నేనెక్కడ! నేను యూదుణ్ణి కూడా కాదు. కుర్చీలు వేసుకునేవాణ్ణి. నాకెందుకండీ?"

ఇందులో ప్రతి మాటకూ అర్థం ‘ఇంకోసారి అడగండి’ అని. గుంటూరులోనైనా, వరంగల్‌లోనైనా ఇది తెలియనివాళ్లుండరు. పెట్టగానే తినడం, ఇవ్వగానే తీసుకోవడం ఆబగా ఉంటుంది. అందుకే మొదట వద్దంటాం. అవతలివాళ్లు ‘అలా అంటే ఎలా’ అనాలి. మనం నసగాలి. వాళ్లు బలవంతపెట్టాలి. అప్పుడు సరే అనాలి. ఇది అబద్ధం కాదు, మొహమాటం.

మాస్టారు నా వైపు చూసి, తల ఊపి, "అర్థమైంది. నిజాయితీగా చెప్పినందుకు థాంక్స్" అన్నారు.

కోటు వేసుకుని వెళ్లిపోయారు.

ఇంటికెళ్లి చెబితే మా ఆవిడ ధైర్యం చెప్పింది. "ఒక్కసారికే సరే అంటే బాగుంటుందా ఏంటి? మళ్లీ అడుగుతార్లెండి."

తర్వాతి మంగళవారం ఆ ముందు కుర్చీలో మా సెంటర్ ప్రోగ్రామ్ అసిస్టెంట్ కూర్చుంది. న్యూజెర్సీలోనే పుట్టి పెరిగిన తెలుగమ్మాయి, కాలేజీలో మతాల గురించి చదువుకుంది. ఆమె కుర్చీ ఆ సాయంత్రం నేనే వేశాను. దాని ముందు మైకు కూడా నేనే పెట్టాను.

"వీళ్లకి మర్యాద తెలీదు," అంది మా ఆవిడ. ఆ తర్వాత ఎన్ని మంగళవారాలు గడిచినా నన్ను మళ్లీ ఎవరూ అడగలేదు.

అమ్మాయి చెడ్డది కాదు. కానీ నేను మర్చిపోయే రకం కాదు. కొత్తవాళ్లకు నన్ను ‘మా సౌండ్ అంకుల్’ అని పరిచయం చేసింది. గ్రూప్ ఫోటోలో నా చెయ్యీ మైకూ మాత్రమే పడితే, అదే ఫోటో గోడకెక్కించారు. అన్నిటికన్నా ఘోరం, అరగంట మధ్యలో నా దగ్గరికి వచ్చి గుసగుసగా అడిగేది.

"అంకుల్, రెడ్ థ్రెడ్ కట్టుకుంటే గ్రోత్ ఫాస్ట్‌గా వస్తదా అని అడుగుతున్నారు. ఏం చెప్పాలి?"

"దారం చేతికి ఉంటుంది, మార్పు లోపల రావాలి అని మాస్టారు చెప్పారు కదమ్మా."

"ఓహ్ నైస్, థాంక్స్ అంకుల్!"

వెళ్లి మైకులో చెప్పేది. అందరూ రాసుకునేవారు. నేను వాల్యూమ్ సరిచేసేవాణ్ణి.

ఒకసారి ఆగలేక అనేశాను. "ఆ కుర్చీ ముందు నాకిస్తామన్నారు, తెలుసా?"

"తెలుసంకుల్. మీరే వద్దన్నారంట కదా!"

"అడిగితే వద్దనే అంటాం. మీ అమ్మనడుగు, చెబుతుంది."

"మా అమ్మా అంతే. గిఫ్ట్ కొననా అంటే వద్దు వద్దు అంటుంది. కొనకపోతే వారం రోజులు మాట్లాడదు. హౌ యామ్ ఐ సపోజ్డ్ టు నో?"

"మళ్లీ అడిగితే తెలుస్తుంది."

"మళ్లీ అడిగితే ప్రెషర్ చేసినట్టు కదా అంకుల్?"

ఆ మాట అప్పుడు సరిగా విననందుకు తర్వాత చాలా అనుభవించాను.

ఇక ఆ రోజు గురించి చెప్పాలి. 2008 చలికాలం. కబాలా పాఠాల్లో అతిథి, ఇంటాయన పాఠం ఒకటుంది. మాస్టారు దాన్ని ఏటా నాటకంలా చేసి చూపించేవారు. బల్లమీద ఒక పళ్లెం, అందులో దాల్చినచెక్క, అక్రోటు పెట్టి చుట్టిన చిన్న పేస్ట్రీలు. వాళ్లావిడ చేసి పంపేది. ఒక విద్యార్థిని అతిథిగా పిలిచేవారు. ఇవ్వగానే తినేస్తే వాడు ఉత్త పుచ్చుకునేవాడు. సిగ్గుతో తినకపోతే వాడికి ఆకలి, ఇంటాయనకు బాధ. మరి ఊరికే పుచ్చుకున్నామన్న సిగ్గు లేకుండా పుచ్చుకోవడం ఎలా? అదీ పాఠం.

ఏటా ఇది చూస్తూనే ఉన్నాను. ఏటా ఆ అతిథి తప్పు చేసేవాడు. ఇవ్వగానే ‘షూర్!’ అని నోట్లో వేసుకునేవాడు, లేదా ‘డైటింగ్‌లో ఉన్నాను’ అని వెళ్లి కూర్చునేవాడు.

ఆ రోజు ఎవరూ ముందుకు రాలేదు. మాస్టారు గది అంతా చూసి, "ఆ మైకు అమ్మాయికిచ్చి మీరు రండి" అన్నారు నాతో.

వెళ్లి ఎదురుగా కూర్చున్నాను. ఆయన పళ్లెం జరిపి, "తీసుకోండి" అన్నారు.

"వద్దండీ, ఇప్పుడే తిన్నాను," అన్నాను.

"మా ఆవిడ పొద్దున్నే లేచి చేసింది."

"అయ్యో, ఆవిడకెందుకు శ్రమ? మీరు తినండి."

ఆయన ముందుకు వంగి, గొంతు తగ్గించి అన్నారు. "మీరు తినకపోతే ఇంటికెళ్లి ఆవిడకు నేనేం చెప్పాలి?"

"అలాగైతే ఒక్కటి," అని తీసుకున్నాను. తిన్నాను. చాలా బాగుంది, ఆవిడకు చెప్పమన్నాను. రెండోది కూడా తీసుకున్నాను.

 గదిలో చప్పట్లు. నేను నటించాననుకున్నారు పాపం. నర్సు చెయ్యి ఎత్తింది. "ఎప్పుడు తీసుకోవాలో ఆయనకెలా తెలిసింది?"

అమ్మాయి మైకు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. ఐదేళ్లలో మైకు నా నోటి దగ్గరికి రావడం అదే మొదలు.

"మా ఇళ్లలో ఇంతేనండీ," అన్నాను. "మొదట వద్దనేది తిండిని కాదు. మనం మొదట చెప్పే వద్దు జవాబు కాదు, ఒక ప్రశ్న. ఇవ్వాలని మీకు నిజంగా ఉందా, లేక మర్యాదకు అంటున్నారా అని. ఆయనకు నిజంగా ఉందని తెలిశాక తినకపోతే తప్పు. అప్పుడు తింటే తినేది నేను, సంతోషం ఆయనకి."

మాస్టారు పళ్లెం వైపు చూస్తూ ఉండిపోయారు. లెక్కలు చెప్పిన మనిషి కదా, ఎక్కడో పాత లెక్క తప్పిందని ఆయనకు అప్పుడే దొరికినట్టుంది. క్లాసు ముగించి, నేను వైర్లు చుడుతున్న చోటికి వచ్చారు. గుమ్మం దగ్గర అమ్మాయి కోటు వేసుకుంటోంది.

"ఆ ఏడాది నేను అరగంట కుర్చీ గురించి అడిగితే వద్దన్నారు. అది ఇలాంటి వద్దేనా?"

నేను వైర్లు చుట్టడం ఆపాను.

"సరే, మళ్లీ అడుగుతున్నాను. ఆ కుర్చీ తీసుకుంటారా?"

ఎన్నాళ్లు ఎదురుచూశానో ఆ మాట కోసం. కానీ అమ్మాయి గుమ్మంలోనే ఉంది, వింటోంది. ఎదురుగా మనిషిని పెట్టుకుని ఆమె కుర్చీ నాకు కావాలని ఎలా అంటాను? పైగా రెండోసారి కూడా వద్దనడమే కదా పద్ధతి. ఈ రెండిట్లో ఏది నాతో ఆ మాట అనిపించిందో ఇప్పటికీ చెప్పలేను.

"అది ఇప్పుడు అమ్మాయిది కదండీ," అన్నాను.

మాస్టారు పెద్దగా నవ్వారు. నా భుజం మీద చెయ్యి వేసి, "రెండు" అన్నారు. "వచ్చే మంగళవారం మూడు."

ఆ మంగళవారం నేను త్వరగా వెళ్లాను. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. ముందు కుర్చీ ఒకటికి రెండుసార్లు తుడిచాను. మాస్టారు రాలేదు. ఆదివారం పక్షవాతం వచ్చిందని మేనేజర్ చెప్పాడు. ఆసుపత్రికి సెంటర్ తరఫున ఒక్కరు వెళ్తే చాలని అమ్మాయిని పంపాడు. నేను వెళ్తానన్నాను. ‘మరి చైర్స్ ఎవరు వేస్తారు?’ అన్నాడు. వంట క్లాసు ఉంది ఆ రోజు.

చలి తగ్గకముందే మాస్టారు పోయారు. అంత్యక్రియలకు వెళ్లాను, వెనక నిలబడ్డాను. వాళ్లావిడకు నేనెవరో తెలియదు. పేస్ట్రీలు బాగున్నాయని చెప్పాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

నాకు ఆయన మీద కోపం. చెబితే నవ్వుతారు గానీ, ఏళ్ల తరబడి కోపం. మూడోసారి అడుగుతానని చెప్పి అడగకుండా వెళ్లిపోవడం ఏం మర్యాద? పెద్ద క్లాసు ఆగిపోయింది. కొత్తవాళ్ల అరగంట మాత్రం మిగిలింది, అమ్మాయి నడిపింది. అవే ప్రశ్నలు వచ్చేవి. ఎదిగానని ఎలా తెలుస్తుంది? నేను ఎవరికీ ఏమీ చెప్పడం మానేశాను. కాఫీ దగ్గర అడిగితే అమ్మాయివైపు చూపించేవాణ్ణి. నర్సు కూడా రావడం మానేసింది. గిన్నెల దగ్గర్నుంచి ఆవిడ ఇంకెంత ముందుకు వచ్చిందో తెలుసుకోలేదు.

2013లో రిటైరయ్యాను. కేకు, గాజుపలక, మేనేజర్ ఉపన్యాసం. అప్పటికి వేరే మేనేజర్. ఆయనా నా పేరు సగంలో వదిలేశాడు. అమ్మాయి తన కార్‌లో ఇంటిదాకా దింపింది. మా బిల్డింగ్ ముందు పార్కింగ్ లేక, రోడ్డు మీదే ఆపి ఫ్లాషర్లు వేసింది.

"ఆ పలక మీద రాసింది నేను కాదంకుల్. ఐ స్వేర్."

"పర్వాలేదమ్మా."

"పర్వాలేదు అంటే కోపం వచ్చిందని అర్థం. నాకిప్పుడు తెలుసు." స్టీరింగ్ పట్టుకునే కూర్చుంది. "అంకుల్, ఒకటి చెప్పాలి. హాస్పిటల్‌లో ఆయనకి మాట రాలేదు. నన్ను చూసి మూడు వేళ్లు చూపించారు. ఇలా. మళ్లీ మళ్లీ చూపించారు. అక్కడి నర్స్ మందుల టైమేమో అనుకుంది. నాకర్థమైంది. మిమ్మల్ని అడగమని."

కారు అద్దం కొంచెం దించాను.

"మరి అడగలేదేం?"

"ఎలా అడగను అంకుల్? ఆ రోజు డోర్ దగ్గర నేను విన్నా కదా. అది అమ్మాయిది అన్నారు. మీకది ఎంత ఇష్టమో నాకు తెలుసు. తెలిసీ నాకిచ్చేశారు అనుకున్నా. ఇంటికెళ్లి ఏడ్చాను కూడా. ఇచ్చింది వెనక్కివ్వడం రూడ్ కదా? పుచ్చుకోవాలి కదా? క్లాసులో మనం చెప్పేది అదే కదా?"

నేను ఇచ్చానా? ఇచ్చిన గుర్తు నాకు లేదు. కానీ ఆమె పుచ్చుకుంది. ఐదేళ్లపాటు, నా ముందే, ఎంతో జాగ్రత్తగా దాన్ని చూసుకుంది. దాన్ని తప్పని ఎలా అనను? తప్పు పట్టడమే వృత్తిగా బతికినవాణ్ణి, ఎంత వెతికినా అందులో తప్పున్న చోటు నాకు దొరకలేదు.

"మంగళవారాలు ఇంకా ఉన్నాయంకుల్," అంది. "నేనిప్పుడు అడగనా?"

"ఇప్పుడెందుకమ్మా," అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది. "ఇది ఫస్ట్ వద్దా అంకుల్, రియల్ వద్దా?"

మొహమాటం గురించి అలా మొహం మీద అడిగితే ఎవరైనా ఏం చెబుతారు? వెనక ఎవరో హారన్ కొట్టారు.

"రియలేనమ్మా."

"ఓకే అంకుల్," అంది.

నేను దిగాను. మలుపు దగ్గర ఎర్రలైటు పడి కారు ఆగింది. గాజుపలక చంకలో పెట్టుకుని అక్కడే నిలబడ్డాను. లైటు మారింది. కారు ముందుకే వెళ్లింది.